స్పీచ్ థెరపీ చదువుతానన్న చెల్లికి: ముందు ఖర్చు లెక్క వెయ్యి

చెల్లీ, వయసులో చిన్నదానివి కదా అని చనువుగా నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకి ఇచ్చే వీసా) మీద అమెరికాలో న్యూజెర్సీ ఎడిసన్ వచ్చి నాలుగు నెలలైంది, సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మానసిక వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఎంహెచ్‌లో (ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ) స్పెషల్ ఎడ్యుకేషన్ బీఎడ్ చేశాను, ఇక్కడ స్పీచ్ థెరపీలో చేరాలా, ఆక్యుపేషనల్ థెరపీలోనా (ఓటీ, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే చికిత్స), టీచర్‌గానే వెళ్లాలా అని అడిగావు. కోర్సుల గురించి రెండు పేజీలు రాసి, డబ్బు దగ్గరికి వచ్చేసరికి "లోన్ తీసుకుంటాలే" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు దిగులు పుట్టింది అక్కడే. హెచ్-4 వాళ్లకి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ లోన్ రాదు. ఇక మిగిలేది ప్రైవేటు లోను, లేదంటే ఊళ్లో ఇల్లు తాకట్టు.

నేను 2008లో వచ్చాను. బీఎస్సీ, బీఎడ్, గుంటూరులో నాలుగేళ్లు పాఠాలు చెప్పిన అనుభవం ఉన్నాయి. ఖాళీగా కూర్చోలేక 2010లో ఆన్‌లైన్‌లో స్పీచ్ అసిస్టెంట్ సర్టిఫికెట్ అంటే 2,400 డాలర్లు కట్టేశాను. పెళ్లికి ముందు నా జీతంలోంచి దాచుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి మరీ కట్టాను, అప్పటి లెక్కలో లక్ష రూపాయల పైమాటే. ఆరు నెలలు రాత్రిళ్లు చదివి, సర్టిఫికెట్ చేతికి రాగానే స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి పట్టుకెళ్లాను. అక్కడావిడ మర్యాదగానే, ఈ కోర్సుకి ఎవరి గుర్తింపు ఉంది అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. స్పీచ్ థెరపిస్టు కావాలంటే ఆషా (ఇక్కడి స్పీచ్, హియరింగ్ నిపుణుల సంఘం) గుర్తింపున్న మాస్టర్స్ చేయాలని, ఓటీకి ఏకోట్ (ఓటీ కోర్సులకి గుర్తింపిచ్చే సంస్థ) గుర్తింపు చూసుకోవాలని ఆ రోజు దాకా నాకు తెలియదు. రెండింటి లిస్టూ వాళ్ల వెబ్‌సైట్లలోనే ఉంది. పది నిమిషాల పని, నేను చెయ్యలేదు.

తర్వాత మన డిగ్రీల ఇవాల్యుయేషన్, అంటే మన చదువు ఇక్కడి ఏ చదువుకి సమానమో తేల్చే రిపోర్టు. చవకగా ఉందని డిగ్రీ వరకే చూసే డాక్యుమెంట్ బై డాక్యుమెంట్ రిపోర్టు తీసుకున్నాను, యూనివర్సిటీలు అడిగింది ఒక్కో సబ్జెక్టూ లెక్కగట్టే కోర్స్ బై కోర్స్. మళ్లీ ఫీజు, మళ్లీ మా తమ్ముడు సెలవు పెట్టి సీల్డ్ కవర్ల కోసం తిరగడం. పైగా మన మూడేళ్ల డిగ్రీని ఇక్కడి నాలుగేళ్ల బ్యాచిలర్స్‌తో సమానంగా చాలాచోట్ల లెక్కపెట్టరు. బీఎడ్ కలిపితే ఒప్పుకునేవాళ్లు కొందరున్నారు, ఫీజు కట్టకముందే ఈమెయిల్ రాసి అడుగు. నేను అడగకుండా అయిదు యూనివర్సిటీలకు అప్లై చేశాను, అయిదూ కాదన్నాయి. ఫొనెటిక్స్, ఆడియాలజీ, భాషా వికాసం లాంటి ముందస్తు కోర్సులు చేసి ఉండాలట.

2015 మే నెలాఖరులో హెచ్-4 వాళ్లలో కొందరికి ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు) ఇవ్వడం మొదలయ్యాక నాకు దారి దొరికింది. మా టౌన్‌లో స్కూల్ ఎయిడ్‌గా, అంటే క్లాసులో టీచర్‌కి సాయంగా, చేరాను, గంటకి పద్నాలుగు డాలర్లు. బీఎడ్ చేసి ఆయా పని చేస్తున్నావా అన్నవాళ్లు ఉన్నారు. అననీ. కిండర్‌గార్టెన్‌లో మన తెలుగు పిల్లాడొకడు ఉండేవాడు, అయిదేళ్లొచ్చినా మాటలు బాగా తక్కువ. రెండు భాషలైతే మాట ఇంకా ఆలస్యమవుతుందని ఎవరో చెప్తే వాళ్లమ్మ ఇంట్లో తెలుగు మానేసి, వచ్చీరాని ఇంగ్లిషులోనే వాడితో మాట్లాడుతోంది. అది నిజం కాదు. మా థెరపిస్టు ఆవిణ్ణి కూర్చోబెట్టి, మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి అని చెప్పింది, పక్కనుండి నేను తెలుగులో చెప్పాను. ఆవిడ బడిలోనే ఏడ్చేసింది, నెలల తరబడి పిల్లాడికి కథ కూడా చెప్పలేదట. ఈ పనిలోనే ఉండాలని నేను గట్టిగా అనుకున్నది ఆ రోజే.

ఆ ఎయిడ్ జీతంతోనే ఒక్కో టర్ముకీ ఒక్కో కోర్సు. స్టాటిస్టిక్స్, బయాలజీ, ఫిజిక్స్ కౌంటీ కాలేజీలో, మిగతావి ఆన్‌లైన్‌లో. 2017లో ఇంటికి దగ్గర్లోని స్టేట్ యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది. అప్పు చెయ్యలేదు. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్తాను.

ఫీజు పేజీలో కనపడని ఖర్చొకటి ఉంది, అది రాసుకో. స్పీచ్‌లో 400 గంటల క్లినికల్ ప్రాక్టీసు ఉంటుంది, అందులో అబ్జర్వేషన్ పోను 375 గంటలు నువ్వే చెయ్యాలి, జీతం రాదు. ఓటీ మాస్టర్స్‌లో అయితే చివర్లో 24 వారాల ఫీల్డ్‌వర్క్, రెండేళ్ల ఓటీ అసిస్టెంట్ కోర్సులో 16 వారాలు. ఆ నెలల్లో రెండో కారు, పిల్లలుంటే డేకేర్. మా పాపకి డేకేర్ నెలకి 1,100 డాలర్లు అయ్యేది, ఆ సెమిస్టర్ ఫీజు కన్నా ఆ చెక్కు రాసేటప్పుడే నా చెయ్యి వణికేది. స్పీచ్‌లో చదువయ్యాక చేసే 36 వారాల ఫెలోషిప్‌కి మాత్రం జీతం వస్తుంది.

ఉద్యోగాల గురించి టెన్షన్ పడకు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి స్కూళ్లే ఉచితంగా చదువూ థెరపీ ఇవ్వాలని 1975 నుంచీ ఇక్కడ చట్టం ఉంది, అందుకే ప్రతి డిస్ట్రిక్ట్‌కీ ఇలాంటి మనుషులు కావాలి.

నీ బీఎడ్‌కి దగ్గర దారి స్పీచ్ కాదు, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్. ఆర్‌సీఐ (మన దేశంలో స్పెషల్ టీచర్లని రిజిస్టర్ చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్) నంబరు ఇక్కడ లైసెన్సుగా పనికిరాదు కానీ నువ్వు చదివింది వృథా కాదు, ఇక్కడి టీచర్ సర్టిఫికెట్‌కి ఇంకేం తక్కువవుతాయో ముందు కనుక్కో. స్పీచే కావాలంటే అదీ చెయ్యి, కానీ ఎయిడ్‌గా ఒక ఏడాది చూశాక. స్కూల్ సైకాలజిస్టు ఇప్పుడు వద్దు, 60 క్రెడిట్లు, పైన 1,200 గంటల ఇంటర్న్‌షిప్, అంత డబ్బు మొదట్లోనే పెట్టకు. వీసా, లైసెన్సు రూల్స్ వాళ్ల సైట్లలో చూసుకో, హెచ్-4 మీద ప్రాక్టికమ్ (కోర్సులో భాగంగా చేసే ప్రాక్టీసు) చెయ్యొచ్చా అన్నది లాయర్ని అడుగు.

మీ ఆయనకి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయిందా లేదా రాయలేదు. నీ ఈఏడీ చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది. అది కనుక్కుని, చేతిలో ఉన్న డబ్బెంతో, నెలకి మిగిలేదెంతో రాసి పంపు. ఈలోగా ఇంట్లోవాళ్ల చేత ట్రాన్‌స్క్రిప్టులు మూడు సెట్లు, సీల్డ్ కవర్లలోనే, తెప్పించు.