నేరేడు చెట్టు కింద అడిగిన ప్రశ్న

ప్రశ్న: ఏటా ఒకసారి ఆరో తరగతి పిల్లలు నలభై మందిని ప్రకృతి పార్కుకు తీసుకెళతాను. బోర్డులు చదివిస్తాను, నోట్సు రాయిస్తాను. అరగంటకే వాళ్లకు విసుగు. తిరిగొచ్చాక అడిగితే ఒక్క చెట్టు గురించీ సొంతంగా రెండు మాటలు చెప్పలేరు. ఇంకెలా చూపించాలి?
- ఒక సైన్సు మాస్టారు

జవాబు: మాస్టారూ, నమస్కారం. ప్రకృతి పార్కులో పిల్లల్ని వెంటబెట్టుకుని తిప్పడమే ఇరవై రెండేళ్లు నా ఉద్యోగం. అందులో మొదటి ఆరేళ్లు నేనూ మీలాగే చేశాను. ఉసిరి చెట్టు దగ్గర ఆగి ‘ఇందులో విటమిన్ సి ఎక్కువ, చిగుళ్లకు మంచిది’ అనేదాన్ని. నేరేడు దగ్గర ఆగి ‘ఇందులో ఆంథోసయనిన్లు (పండుకు ఊదారంగు ఇచ్చే పదార్థాలు) ఉంటాయి’ అని అప్పజెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవాళ్లు, కాళ్లీడ్చుకుంటూ తర్వాతి చెట్టుకు నడిచేవాళ్లు.

ఒకరోజు నేరేడు చెట్టు కింద ఒక పాప చెయ్యెత్తింది. ‘టీచర్, మనకు జబ్బులొస్తాయని చెట్టుకెలా తెలుసు?’ అంది. పక్క పిల్లలు నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ పాప అడిగింది సరైన ప్రశ్న. మన జబ్బులతో చెట్టుకేం పని? ఎండ తగిలినప్పుడు ఆకులో పుట్టే హానికరమైన పదార్థాల నుంచి తనను తాను కాపాడుకోడానికి మొక్క విటమిన్ సి తయారు చేసుకుంటుంది. పచ్చికాయలో వగరు పెట్టేది గింజ ముదరకముందే ఎవరూ కొరక్కుండా. పండుకు రంగు పూసేది పిట్టను పిలవడానికి. అలా తనకోసం చేసుకున్న వాటిలో కొన్ని మనకూ పనికొచ్చాయి. చాలా జంతువులు విటమిన్ సి ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనుషులకు, కోతులకు, గినీ పందులకు, చాలా రకాల గబ్బిలాలకు ఆ శక్తి లేదు. అందుకే మనం పండ్ల మీద, ఆకుల మీద ఆధారపడి బతకాలి. పిల్లలకు ఈ వైపు నుంచి చెప్పడం మొదలుపెట్టాక ఎవరూ విసుక్కోలేదు.

మీరు చేయాల్సిందల్లా ఇరవై చెట్లు వదిలేసి ఒక్క చెట్టు పట్టుకోవడం. కాయలు పండే రోజుల్లో వెళ్లండి. నలభై మందిని నాలుగు జట్లు చేయండి. ఒక జట్టు పైకి చూసి, ఏ పిట్ట వచ్చింది, పండు మింగిందా, పొడిచి వదిలేసిందా రాయాలి. ఒక జట్టు నేల మీద రాలినవి లెక్కపెట్టాలి: పచ్చివెన్ని, పండినవెన్ని, పురుగు పట్టినవెన్ని. మూడో జట్టు చీమలు ఏ పండు దగ్గర చేరాయో చూడాలి. నాలుగో జట్టుకు మాత్రం పిట్ట రెట్ట వెతకమని చెప్పండి. ముందు ‘ఛీ’ అంటారు. కాసేపటికి మిగతా మూడు జట్లూ వచ్చి అక్కడే కూర్చుంటాయి. పుల్లతో కదిపితే ఊదారంగు రెట్టలో గింజలు కనబడతాయి. మేం అలాంటి గింజల్ని తీసి, కడిగి, చిన్న కుండీలో వేసేవాళ్లం. పక్క కుండీలో గుజ్జుతో ఉన్న పండును అలాగే పాతిపెట్టేవాళ్లం. ఏది ముందు మొలుస్తుందో పందెం. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించడం మరిచిపోకండి.

తర్వాత రంగు ఆట. పార్కువాళ్లను అడిగి రాలిన నేరేడు పండ్లు నాలుగు తీసుకోండి. చిదిమి, రసాన్ని నీళ్లలో కలిపి మూడు గాజు గ్లాసుల్లో పోయండి. ఒకటి అలాగే ఉంచండి. రెండోదాంట్లో నిమ్మరసం పిండితే ఎర్రగా తేటబడుతుంది. మూడోదాంట్లో చిటికెడు వంటసోడా వేసి కలిపితే నీలంగా, ఇంకాస్త వేస్తే ఆకుపచ్చగా తిరుగుతుంది. మీ బోర్డు మీద ఉన్న ఆంథోసయనిన్ అనే మాటకు అప్పుడొక రూపం వస్తుంది. ఆ రోజు గ్లాసు పట్టుకున్న పిల్లవాడు ఆ మాట మళ్లీ మరిచిపోవడం నేను చూడలేదు.

పెద్ద తరగతి వాళ్లయితే అడవి మిరప సంగతి కూడా చెప్పండి. మిరప కారానికి కారణం క్యాప్సైసిన్. మనకు, ఎలుకలకు నోరు మండుతుంది, పిట్టలకు మండదు. అమెరికాలో అడవి మిరప మీద చేసిన పరిశోధన ఒకటి 2001లో వచ్చింది. ఎలుకజాతి ప్రాణుల కడుపులోంచి వచ్చిన గింజలు మొలవలేదు, పిట్టల కడుపులోంచి వచ్చినవి మొలిచాయి. గింజను నమిలి పాడుచేసే వాళ్లను కారం తరిమేస్తుంది, మింగి మోసుకెళ్లే వాళ్లను రానిస్తుంది.

1977లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని టిబిలీసీలో పర్యావరణ విద్య మీద యునెస్కో పెద్ద సమావేశం పెట్టింది. ఎరుక, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, పాల్గొనడం అని ఐదు లక్ష్యాలు రాసుకున్నారు. బోర్డు చదివిస్తే మనం అందుకునేది రెండోది ఒక్కటే, అదీ సగమే.

ప్రశ్న: మా అత్తగారికి పదేళ్లుగా షుగరు ఉంది. నేరేడు గింజల పొడి వాడుతూ రెండు నెలలుగా మాత్రలు మానేశారు. అడవి పండు కదా, సహజమైంది కదా అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే. ఈ ఉత్తరం చదవగానే చేయాల్సిన పని, ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించడం. నేరేడు గింజ మీద ప్రయోగశాలల్లో, జంతువుల మీద చాలా పరిశోధనలు జరిగాయి. కానీ మాత్ర మానేసి దీన్ని వాడొచ్చని చెప్పేంత రుజువు మనుషుల్లో దొరకలేదు. మాత్రలకు తోడుగా వేసుకున్నా డాక్టరుకు తెలియాలి, ఎందుకంటే రెండూ కలిసి షుగరు మరీ పడిపోయే ప్రమాదం ఉంటుంది. ‘సహజం’ అనే మాటతో మోసపోవద్దని ఆమెకు చెప్పండి. ఉమ్మెత్త కాయ కూడా సహజమే.

పండ్ల కాలంలో నాలుగు నేరేడు పండ్లు తింటానంటే ఆమె చేతిలోంచి లాక్కోకండి. పండు వేరు, మందు వేరు. మాత్ర మాత్రం వేళకు పడాలి.

ప్రశ్న: అడవి పండ్ల పొడుల డబ్బాల మీద ‘యాంటీఆక్సిడెంట్ విలువ’ అని పెద్ద పెద్ద అంకెలు వేస్తున్నారు. అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదా?
- జిమ్‌కు వెళ్లే ఒక యువకుడు

జవాబు: కాదు బాబూ. హానికరమైన పదార్థాలను పండు రసం ఎంత అణచగలదో పరీక్షనాళికలో కొలిచిన అంకె అది. అక్కడ పండు రసం నేరుగా రసాయనంతో తలపడుతుంది. నీ ఒంట్లో అలా జరగదు. వగరుకూ రంగుకూ కారణమైన పాలీఫినాల్స్‌లో చాలా భాగం పేగు నుంచి రక్తంలోకి చేరదు, చేరిందాన్నీ కాలేయం మార్చేస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఇలాంటి అంకెల పట్టిక పెట్టి, వాటిని అమ్మకాలకు తప్పుగా వాడుకుంటున్నారని 2012లో తీసేసింది.

ఫిన్లాండ్ అనుభవం కూడా విను. పసుపు, నారింజ రంగు పండ్లలో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందేమోనని పొగతాగే మగవాళ్లు 29,133 మంది మీద ఏళ్ల తరబడి ప్రయోగం చేశారు. 1994లో ఫలితాలొచ్చాయి. మాత్ర మింగినవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనబడింది. పండ్లు, కూరలు బాగా తినేవాళ్లకు ఈ జబ్బు తక్కువని అంతకుముందు గమనించిన మాట నిజమే. కానీ పండులోంచి ఒక్క పదార్థాన్ని వేరుచేసి గుప్పెడు ఇస్తే అదే మేలు జరుగుతుందనుకోవడం తప్పని తేలింది. ఈ సంగతి తెలిసిన రోజు నా పార్కు ఉపన్యాసంలో సగం కొట్టేసుకున్నాను.

పండునే తిను. పీచు, నీరు, విటమిన్లు, పులుపు, వగరు అన్నీ కలిసే వస్తాయి. విటమిన్ సి వేడికి, గాలికి నిలవదు కాబట్టి తాజా పండులో ఉన్నంత ఎండబెట్టిన పొడిలో మిగలదు. ఆ డబ్బా కొనకు.

ప్రశ్న: పిట్టలు తినే పండు మనుషులూ తినొచ్చని మా పెద్దవాళ్లు అంటారు. నిజమేనా? మేం తరచూ అడవి దారుల్లో నడకకు వెళ్తాం.
- ఒక నడక బృందం

జవాబు: ఈ మాట నమ్మకండి. దయచేసి పిల్లలకు నేర్పకండి. కోయిల పచ్చగన్నేరు కాయలు తింటుంది. అదే కాయ మన గుండె లయను తప్పించి ప్రాణం తీయగలదు. ఎర్రగా ముద్దొచ్చే గురువింద గింజను కొరికితే అబ్రిన్ అనే విషం బయటపడుతుంది, దానికి విరుగుడు మందు లేదు. లంటానా పచ్చికాయలూ పిల్లలకు ప్రమాదమే.

ఒకసారి మా దారిలో ఒక తండ్రి కోయిలను చూపించి, ‘చూడు, అదీ తింటోంది’ అంటూ కొడుక్కి పచ్చగన్నేరు కాయ అందిస్తున్నాడు. పరిగెత్తి పిల్లవాడి చెయ్యి పట్టుకున్నాను. ఆ తండ్రి చదువుకున్నవాడే, మంచివాడే. మేమే ఆ చెట్టు దగ్గర బోర్డు పెట్టలేదు. మర్నాడు పెట్టించాను.

చెట్టును ఆకు, పువ్వు, కాయ మూడూ చూసి గుర్తుపట్టగలిగితేనే, అదీ కోసుకోవచ్చని అనుమతి ఉన్నచోటే పండు కోయండి. ఫోన్లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌ను పట్టుకుని ఏదీ నోట్లో పెట్టుకోవద్దు. ఎవరైనా తెలియని కాయ తిన్నారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. మిగిలిన కాయ ముక్కను, ఒక కొమ్మను వెంట పట్టుకెళ్లండి. చెట్టు పేరు తెలిస్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

ప్రశ్న: తుమికి కాయ పచ్చిగా కొరికాను. నోరంతా గుడ్డ నమిలినట్టయింది. ఎందుకని?
- నాలుగో తరగతి చదివే పాప

జవాబు: చిట్టితల్లీ, నీ ఉత్తరంతోపాటు పంపిన ఆకు చేరింది, నలిగినా పోల్చుకున్నాను. మన ఉమ్మిలో కొన్ని ప్రొటీన్లుంటాయి, నోరు జారుడుగా ఉండేది వాటివల్లే. పచ్చికాయలోని టానిన్లు అనే వగరు పదార్థాలు వచ్చి ఆ ప్రొటీన్లను పట్టుకుని గడ్డకట్టిస్తాయి. జారుడు పోయి నాలుక గరుకైపోతుంది. తుమికి కాయ పండేకొద్దీ టానిన్లు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైపోతాయి, ఇక ఉమ్మిని పట్టుకోలేవు. అప్పుడు తియ్యదనం తెలుస్తుంది. గింజ తయారయ్యేదాకా ఆగమని చెట్టు నీకు చెప్పిందన్నమాట.

ఆ చెట్టు కాయలు పండినప్పుడు పొద్దున్నే వెళ్లి దూరంగా కూర్చుని చూడు. నీకంటే ముందు ఎవరొచ్చారో నాకు రాయి. ఈసారి ఆకును పాత పుస్తకంలో అదిమి పెట్టి పంపించు.