నగలు కుదువపెట్టి థెరపీ గది తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. విజయవాడలో అమ్మతో ఉంటాను. వీణ వాయిస్తాను, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రంలో మ్యూజిక్ థెరపీ చేస్తాను. వారానికి 16 సెషన్లు, ఒక్కోదానికి 500 రూపాయలు. పిల్లలు రాని రోజు డబ్బు లేదు. వారానికి నాలుగు అలాగే పోతాయి. కేంద్రం వాళ్లు 10 శాతం పన్ను కోసుకుని ఇస్తారు. రిటర్ను ఎప్పుడూ వేయలేదు. కచేరీల మీద ఏడాదికి 1.90 లక్షలు, అమెరికాలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్ పాఠాల మీద నెలకు 11,000 వస్తాయి. ఖర్చు నెలకు 38,000. నగల మీద 6 లక్షలు తీసుకుని సొంత గది పెట్టుకోమని అన్నయ్య అంటున్నాడు. పెట్టుకోవచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దు. నెలకు నాలుగు వారాల లెక్కన మీ రాబడి ఏడాదికి 6.10 లక్షలు, ఖర్చు 4.56 లక్షలు. అంటే నెలకు 13,000 కూడా మిగలడం లేదు, అదీ కోసుకున్న పన్ను తిరిగి వస్తేనే. 6 లక్షల అప్పును 10 శాతం వడ్డీతో మూడేళ్లలో తీర్చాలంటే నెలవారీ వాయిదా 19,360 అవుతుంది. గది అద్దె ఇంకా కలపనే లేదు.

మీరు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు పంచాంగంలా ఉంది. 14 కచేరీల్లో తొమ్మిది దసరా, కార్తీకాల్లోనే. మిగిలినవి జనవరిలో త్యాగరాజ ఆరాధన దగ్గర, శ్రీరామనవమి పందిళ్లలో. ఆషాఢంలో కచేరీ జమ ఒక్కటీ లేదు. వాయిదా మాత్రం ఆషాఢంలోనూ వస్తుంది.

అసలు సొమ్ము జారిపోతున్నది కేంద్రంలో. 45 నిమిషాల సెషన్ అని లెక్క వేస్తున్నారు. ఏసీ గదిలోకి తెచ్చిన వీణను మళ్లీ శ్రుతి చేసుకోవాలి. బిడ్డ వేలు పట్టుకుని తీగ మీటించాలి. తర్వాత వాడు ఎన్నిసార్లు తలెత్తి చూశాడో, ఏ స్వరానికి చెవులు మూసుకున్నాడో రాసుకోవాలి. ఇదంతా కలిపితే గంటంపావు. బిడ్డకు జ్వరం వస్తే ఆ గంటంపావూ మీది, నష్టమూ మీదే. వీణను బస్సులో తీసుకెళ్లలేరు కాబట్టి ఆటో ఖర్చూ మీదే. ముందురోజు చెబితే డబ్బు వద్దు, అదే రోజు మానితే సగం ఫీజు ఇవ్వాలని కేంద్రంతో కాగితం మీద రాయించుకోండి. పోయే నాలుగూ అదే రోజు మానేవైతే నెలకు 4,000, ఏడాదికి 48,000. డబ్బు అడగడానికి కళాకారులు మొహమాటపడతారు, నాకు తెలుసు. కేంద్రం వాళ్లు మాత్రం ఫిజియోథెరపిస్టుకు ఏ షరతు మీద ఇస్తున్నారో ఒక్కసారి కనుక్కోండి.

రిటర్ను విషయంలో పొరపాటు చేస్తున్నారు. కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. కానీ ఆదాయం 4 లక్షలు దాటింది కాబట్టి రిటర్ను వేయాల్సిందే. కేంద్రం ఏడాదికి కోసుకుంటున్న 28,800 తిరిగి వచ్చే దారీ అదే. ఆ సొమ్ము మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపన్ను పోర్టల్‌లో చూసుకోండి. జీఎస్టీ గొడవ మీకు లేదు, అది 20 లక్షలు దాటాకే.

ఇప్పుడు వేళ్ల సంగతి. మీ మూడు ఆదాయాలూ ఆ వేళ్ల మీదే ఉన్నాయి. వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి, తాత్కాలికంగా పని చేయలేనప్పుడు వారానికి ఇంత అని ఇచ్చే పాలసీని ఎంచుకోండి. అయితే ఏళ్ల సాధన వల్ల మణికట్టులో వచ్చే నొప్పిని ప్రమాదంగా లెక్కించరు. ఏజెంటు ఆ మాట చెప్పడు. దానికి సొంత నిల్వే దిక్కు. ఆరోగ్య బీమా మీకూ అమ్మగారికీ విడివిడిగా తీసుకోండి. ఒకే పాలసీలో పెడితే ఆవిడ వయసును బట్టి ప్రీమియం పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

రెండో ఖాతా తెరవండి. వచ్చిన ప్రతి రూపాయి అందులోకే. ఒకటో తేదీన మీకు మీరే 38,000 జీతం వేసుకోండి, దసరా నెలలోనూ అంతే. ఆ ఖాతాలో 2.28 లక్షలు, అంటే ఆరు నెలల ఖర్చు, చేరేదాకా మరో పథకం జోలికి పోవద్దు. ఏడాదిన్నర పడుతుంది. తర్వాత పీపీఎఫ్, అంటే ప్రభుత్వ దీర్ఘకాలిక పొదుపు ఖాతా. ఏడాదికి 500 నుంచి 1.5 లక్షల దాకా ఎప్పుడు వీలైతే అప్పుడు వేయవచ్చు కాబట్టి మీ లాంటి రాబడికి మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్ కన్నా అదే నయం.

గది కావాలంటే అప్పుడు, అదీ శనివారాలు మాత్రమే, ఏ క్లినిక్‌లోనైనా గంటల లెక్కన తీసుకుని చూడండి. ఆరుగురు పిల్లలు ఆరు నెలలు మానకుండా వస్తే, మళ్లీ రాయండి.