సీటు ఖాయమంటున్నారు... స్థలం అమ్మి చేరాలా?

ప్రశ్న: మాది గుంటూరు. నా వయసు 24. బీకాం అయ్యాక విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు బ్యాంకులో చేరి 20 నెలలైంది. రోజూ పాస్ మీద రైల్లో వెళ్లొస్తాను. అకౌంట్లు తెరిపించు, ఇన్సూరెన్స్ అమ్ము అనే టార్గెట్లతో విసిగిపోయాను. కిందటి నవంబరులో ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాస్తే 84 పర్సంటైల్ వచ్చింది. వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు కాలేజీ ఎంబీఏ సీటు ఖాయమంటోంది, రెండేళ్లకు 16 లక్షలు, ఈ మే నెలాఖరుకు అడ్వాన్స్ కట్టాలి. నాన్నకు మిర్చి యార్డులో చిన్న కమీషన్ కొట్టు ఉంది. గోరంట్ల దగ్గరున్న స్థలం అమ్మి చదివిస్తానంటున్నారు. అమ్మేమో సంబంధాలు చూద్దామంటోంది. మావయ్య ఇంకో రెండు మూడేళ్లు ఆగి హైదరాబాద్‌లోని ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్)కి వెళ్లమంటున్నాడు. చేరిపోవాలా, ఆగాలా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తానమ్మా. ఆ కాలేజీలో చేరొద్దు. క్యాట్ మాత్రం ఈ నవంబరులో మళ్లీ రాయి. ఉద్యోగం మానొద్దు. ఎందుకో ఇప్పుడు వివరంగా చెప్తాను.

నీ ఉత్తరంలో నాన్న మాట ఉంది, అమ్మ మాట ఉంది, మావయ్య మాట ఉంది. నువ్వేమనుకుంటున్నావో తెలిసేది ఒక్కచోటే, ‘విసిగిపోయాను’ అన్నచోట. ఎంబీఏలో ఏం చదవాలనుందో, చదివాక ఏ పని చేయాలనుందో ఎక్కడా రాయలేదు. తప్పేం కాదు, రోజూ సాయంత్రం టార్గెట్ ఎంతయిందని మేనేజరు అడుగుతుంటే ఎవరికైనా ముందు అక్కడి నుంచి బయటపడాలనే ఉంటుంది. కానీ ఇలాంటి కాలేజీలకు క్యాంపస్ సెలక్షన్లకు వచ్చేవాళ్లలో ప్రైవేటు బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలే ఎక్కువగా ఉంటాయి, అవి ఇచ్చేది కూడా చాలావరకు అమ్మకాల పనే. అంటే 16 లక్షలు ఖర్చుపెట్టి, రెండేళ్ల జీతం వదులుకుని, మళ్లీ ఇలాంటి బ్యాంకులోనే కాస్త పెద్ద హోదాలో, ఇంకాస్త పెద్ద టార్గెట్‌తో కూర్చునే అవకాశం బాగా ఉంది. నమ్మకం లేకపోతే కాలేజీవాళ్లనే అడుగు. హయ్యెస్ట్ ప్యాకేజీ సంగతి వదిలెయ్, అది ఒక్కరికి వచ్చేది. కిందటి బ్యాచ్‌లో ఏ కంపెనీ ఏ పోస్టుకు ఎంతమందిని తీసుకుంది, మీడియన్ జీతం (అందరి జీతాలూ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండేది) ఎంత, ఈ రెండూ కాగితం మీద పంపమను. పంపకుండా ‘నెలాఖరు లోపు కట్టండి’ అని ఫోన్లు మాత్రమే చేస్తుంటే నీకు అర్థమైపోతుంది.

ఇంకో పరీక్ష కూడా ఉంది, అది నీ చేతిలోనే ఉంది. నువ్వు బ్యాంకులోనే ఉన్నావు కదా, మీ లోన్ల సెక్షన్‌లో ఒకసారి కనుక్కో. చదువు అప్పు 7.5 లక్షలు దాటితే మామూలుగా తనఖా అడుగుతారు. ఐఐఎంల (కేంద్రం నడిపే మేనేజ్‌మెంట్ కాలేజీల) లాంటి పేరున్న సంస్థలకైతే చాలా బ్యాంకులు తనఖా లేకుండానే ఇస్తాయి, స్టేట్ బ్యాంకులో స్కాలర్ లోన్ అని దానికోసమే ఉంది, 2024 చివర్లో కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి కూడా ఎంపిక చేసిన సంస్థల్లో సీటొచ్చిన వాళ్లకు తనఖా, హామీ లేకుండా అప్పు ఇప్పించేదే. బ్యాంకులు తమ జాబితాలు ఊరికే రాసుకోవు, అక్కడ చదివినవాళ్లు అప్పు తీర్చగలుగుతారా లేదా అని లెక్కలు వేసుకునే రాసుకుంటాయి. నీకు సీటిస్తానంటున్న కాలేజీ పేరు ఆ జాబితాల్లో ఉందో లేదో చూడు. లేదనుకో, వ్యాపారం చేసే బ్యాంకే తనఖా లేకుండా పది లక్షలు పెట్టడానికి ఒప్పుకోని చదువు మీద మీ నాన్న స్థలం అమ్మి మరీ డబ్బు పెట్టడం ఎందుకమ్మా?

మీ నాన్నగారు ప్రేమతోనే అమ్ముతానన్నారు, అది నాకు అర్థమవుతోంది. కానీ కమీషన్ కొట్టు నడిపే ఇల్లు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. సీజన్ మొదట్లో రైతులకు అడ్వాన్సులిస్తారు, సరుకు యార్డుకొచ్చి అమ్ముడైతేనే ఆ డబ్బు తిరిగొస్తుంది, రేటు పడిందంటే సరుకు కోల్డ్ స్టోరేజీకెళ్తుంది, బాకీలు మరుసటి ఏడాదికి జారతాయి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చినప్పుడు యార్డులో ఎలాంటి పరిస్థితి ఉందో మీ ఇంట్లో చూసే ఉంటావు. అలాంటి ఏడాది మళ్లీ వస్తే ఆ స్థలమే మీ ఇంటికి ఆధారం. నిజంగా మంచి సీటొస్తే నీ పేరు మీద అప్పు తీసుకో, చదువు అయ్యాక కొన్నాళ్ల గడువు ఇచ్చి అప్పుడు కట్టించుకుంటారు. స్థలం జోలికి వెళ్లొద్దని నాన్నకు నువ్వే చెప్పు. ఆయన పైకి ఏమీ అనకపోవచ్చు గానీ, లోపల ఊపిరి పీల్చుకుంటారు.

ఇప్పుడు చేరాలా, ఆగాలా అన్నావు. క్యాలెండర్ చూడు. క్యాట్ దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో, పరీక్ష నవంబరు చివర్లో, ఆ తర్వాత ఇంటర్వ్యూలు, క్లాసులు వచ్చే జూన్ ప్రాంతంలో. ఈ ఏడాది దరఖాస్తు చేసినా నువ్వు కాలేజీలో కూర్చునేసరికి నీకు దాదాపు మూడేళ్ల అనుభవం ఉంటుంది. దరఖాస్తు చేయడం వేరు, చేరడం వేరు. పరీక్ష ఫీజు పోతే పోతుంది, చేరాలా వద్దా అన్నది ఫలితం చూశాక నిర్ణయించుకోవచ్చు. ఐఐఎంలు పది, ఇంటర్, డిగ్రీ మార్కులు, పని అనుభవం కూడా లెక్కలోకి తీసుకుంటాయి, ఇంజనీరింగ్ కాకుండా వేరే డిగ్రీ చేసినవాళ్లకు, ఆడపిల్లలకు కొన్నిచోట్ల అదనంగా పాయింట్లు ఉంటాయి. బీకాం చేసి, బ్యాంకులో పని చేసిన అమ్మాయికి ఇది మంచిదే. కానీ 84తో కుదరదు. జనరల్ కేటగిరీలో కొత్త ఐఐఎంలకు కూడా 90 బాగా దాటాలి. మీకు ఓబీసీ గానీ ఈడబ్ల్యూఎస్ గానీ వర్తిస్తే సర్టిఫికెట్ కేంద్రం ఫార్మాట్‌లో ఉండాలి, సచివాలయానికి ఇప్పుడే వెళ్లి అడుగు, దరఖాస్తు గడువు చివరి వారంలో పరుగులు పెట్టొద్దు.

84 పర్సంటైల్ అంటే రాసినవాళ్లలో దాదాపు 84 శాతం మంది నీకన్నా వెనకే ఉన్నారని, అది తక్కువేం కాదు, ఎక్కువగా రైల్లోనే చదివి తెచ్చుకుని ఉంటావని నా ఊహ. రైల్లో పేపరు సంపాదకీయాలు, వ్యాసాలు చదువుకో, ఇంగ్లిష్ సెక్షన్‌కు పనికొస్తుంది. కానీ డేటా, లాజిక్ సెట్లు ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని నిలబడి చేసేవి కావు. వాటికి టేబుల్ కావాలి, కదలకుండా 40 నిమిషాలు కావాలి, పరీక్షలో ఒక్కో సెక్షన్‌కు ఇచ్చేదీ అంతే. అందుకని మీ బ్యాంకుకు గుంటూరులో బ్రాంచి ఉంటే బదిలీ అడుగు, అమ్మకాల నుంచి బ్యాంకు లోపలి పనులు చూసే ఆపరేషన్స్‌కో, అప్పులు పరిశీలించే క్రెడిట్‌కో మారే వీలుందేమో కూడా అడుగు. వస్తే ప్రయాణం మిగులుతుంది, టార్గెట్ల గోలా తగ్గుతుంది, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి కొత్త పనీ ఉంటుంది. అడిగితే పోయేదేముంది. ఆదివారం పొద్దున ఒక మాక్ టెస్ట్, మధ్యాహ్నం అందులో తప్పుపోయినవి విప్పి చూసుకోవడం, సెప్టెంబరు దాకా ఇది తప్పకుండా చెయ్యి, ఆ తర్వాత పెంచు. నిద్ర విషయం కూడా పట్టించుకో. అడ్వాన్స్ గడువు టెన్షన్ తీరాక కూడా రెండు మూడు వారాలు ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకో, ఓర్చుకుంటూ కూర్చోవద్దు.

మీ మావయ్య చెప్పిందీ తప్పు కాదు. ఐఎస్‌బీ ఏడాది కోర్సుకు క్యాట్ కాదు, జీమ్యాట్ లేదా జీఆర్ఈ అనే అంతర్జాతీయ పరీక్ష రాయాలి, అక్కడ చేరేవాళ్లలో చాలామంది నాలుగైదేళ్లు పనిచేసినవాళ్లే. కాకపోతే ఊరికే ఆగితే అనుభవం పెరగదు, నెలలు పెరుగుతాయంతే. ఈ రెండేళ్లలో ఏం చేశావని అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. అందుకే బదిలీ గురించి అంత గట్టిగా చెప్తున్నాను.

ఇక అమ్మ సంగతి. అమ్మతో ‘ఎంబీఏ అయ్యాక చూద్దాంలే’ అని మాట దాటేస్తున్నావా? అలా అంటే ఆవిడకు ఎంబీఏ అంటే పెళ్లి ఆపే వంక లాగే కనిపిస్తుంది, నీకూ ఏదో ఒక కాలేజీలో చేరిపోతే ఇంట్లో ఈ మాట ఆగుతుందనిపిస్తుంది. పెళ్లి ఇప్పుడు వద్దనుకుంటే అది ఎంబీఏతో సంబంధం లేకుండా చెప్పు. ‘అమ్మా, వచ్చే ఏడాది జూన్ దాకా సంబంధాలు చూడొద్దు, ఆ తర్వాత మనం కూర్చుని మాట్లాడుకుందాం’ అని నెల పేరు పెట్టి చెప్పు. గడువు ఉందని తెలిస్తే అమ్మలు కాస్త కుదుటపడతారు. నాన్న పక్కనుండగా చెప్పు, చుట్టాలెవరూ లేనప్పుడు చెప్పు. చదువుకోనిచ్చే సంబంధమైతే నీకు ఇష్టమే అనుకుంటే అదీ దాచకు, చాలామంది ఆడపిల్లలు పెళ్లయ్యాక కూడా చదివారు, కాకపోతే ఆ మాట పెళ్లికి ముందే రెండు కుటుంబాల మధ్య తేల్చుకోవాలి.

అడ్వాన్స్ ఇప్పటికే కట్టేసి ఉంటే కంగారు పడకు. ఏఐసీటీఈ (సాంకేతిక, మేనేజ్‌మెంట్ కాలేజీలను నియంత్రించే కేంద్ర మండలి) అనుమతి ఉన్న సంస్థ అయితే కోర్సు మొదలవకముందు మానుకున్నవాళ్లకు వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాది వెనక్కివ్వాలి. ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడుగు, ఫోన్లో కాదు.

క్యాట్ ఫలితాలు డిసెంబరు, జనవరి మధ్యలో వస్తాయి. కాగితం మీద ఓ ఆరేడు కాలేజీల పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకో, ఫలితాలొచ్చాక కొత్తగా పేర్లు చేర్చకు. ఆ జాబితాలో సీటొస్తే బ్యాంకు అప్పుతో వెళ్లు. రాకపోతే ఉద్యోగంలో ఉంటూనే జీమ్యాట్ మొదలుపెట్టు. క్యాట్ స్కోరు ఆ ఒక్క ఏడాది ప్రవేశాలకే, జీమ్యాట్ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, కాబట్టి మావయ్య చెప్పిన దారి అప్పుడూ తెరిచే ఉంటుంది.