ముందు అది ఏ టేలో చూడు

చిరంజీవి అమ్మాయికి,
పెదనాన్న ఆశీస్సులు. చైనా కట్టిన నష్టపరిహారాల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. విషయం బాగా పట్టుకున్నావు. కానీ టేలు (వెండిని తూచి డబ్బుగా లెక్కగట్టే చైనా పాత తూకం) అని కనబడ్డ ప్రతిచోటా 37.5 గ్రాములతో గుణించేశావు. ఆ లెక్కలన్నీ మళ్లీ చెయ్యాలి. టెన్షన్ పడకు, పెద్ద పనేం కాదు.

మన తులమే చూడు, పాత లెక్కలో 11.66 గ్రాములు, ఇప్పుడు నగల షాపులో 10. టేలు ఇంకా పెంకిది, ఊరికో తూకం. అందుకని అంకె కంటే ముందు దాని పక్కనున్న మాట చూడు. జపాన్ చేతిలో ఓడాక చైనా చేసుకున్న 1895 షిమొనోసెకి ఒప్పందంలోని 20 కోట్లు కూపింగ్ టేళ్లు, అంటే అప్పటి చింగ్ రాజవంశపు ఖజానా తూకం, సుమారు 37.3 గ్రాములు. విదేశీయుల మీద లేచిన బాక్సర్ తిరుగుబాటు తర్వాత 1901లో వేసిన 45 కోట్లు హైక్వాన్ టేళ్లు, అంటే కస్టమ్స్ తూకం, సుమారు 37.8. టేలుకి 0.3 గ్రాము తప్పినా 45 కోట్ల మీద 135 టన్నుల వెండి గల్లంతు!

ఇంకో తిరకాసుంది. హైక్వాన్ టేలు చేత్తో పట్టుకునే వస్తువు కాదు, పద్దుల్లో మాత్రమే ఉండేది. షాంఘైలో 100 హైక్వాన్ టేళ్ల సుంకానికి వర్తకుడు 111.40 షాంఘై టేళ్లు లెక్కగట్టి ఇచ్చేవాడు. ఆ షాంఘై టేలు కూడా పద్దుల్లోదే. నిజంగా చేతులు మారింది సైసీ, అంటే పడవలాంటి వెండి ముద్ద. పెద్దవి 50 టేళ్ల దాకా తూగేవి. మన షరాబుల్లాంటి వాళ్లు దాన్ని తూచి, నాణ్యం చూసి, ఆ వివరాలు ముద్ద మీదే కుంచెతో సిరా రాత రాసేవాళ్లు. పోత పోసినవాడి ముద్ర వేరు, ఈ రాత వేరు. నీ ఫొటోల కింద రెండూ ఒకటే అన్నట్టు రాశావు, సరిచెయ్యి.

1901 అప్పును వెండి బరువు చెప్పి వదిలెయ్యకు. అసలు మెలిక అక్కడే ఉంది. టేలుకి 3 షిల్లింగుల చొప్పున బంగారం విలువకు కట్టేశారు, అంటే 6.75 కోట్ల పౌన్లు. వెండి ధర పడ్డప్పుడల్లా చైనా ఎక్కువ వెండి పొయ్యాల్సొచ్చింది. దీనికి ఒక పేజీ ఇచ్చినా తప్పులేదు.

ఇంటర్నెట్ కన్వర్టర్ల జోలికి పోకు. అవి తరచూ హాంకాంగ్ బంగారం షాపుల 37.429 ఇస్తాయి. చైనా బజారులో ఇప్పటి ల్యాంగ్ (టేలుకి చైనా వాళ్ల పేరు) అయితే 50 గ్రాములు. 1933లో టేలును తీసేసి, 0.715 షాంఘై టేలుకి ఒక యువాన్ అని మార్చారు కాబట్టి నీ పట్టిక అక్కడితో ఆపెయ్యి. ఏ టేలో కాగితంలో లేకపోతే గ్రాములు రాయొద్దు, టేళ్లలోనే ఉంచు.

సరిచేసి మళ్లీ పంపు. పెద్దమ్మ అడిగానని చెప్పమంది.

పెదనాన్న