ఈగల మందు సంగతి సరే, ఆ గ్యాస్ మాత్ర పేరేమిటి?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 66 ఏళ్లు, మొక్కజొన్న రైతు. ఎనిమిది నెలలుగా రెండు చేతులూ వణుకుతున్నాయి, నడక నెమ్మదించింది. గ్యాస్‌కి, తల తిరుగుడుకి మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు ఏడాదిన్నరగా వాడుతున్నారు. ఇది పార్కిన్సన్స్ అంటున్నారు. పండ్ల ఈగల మీద ప్రయోగాలు చేసి దీనికి మందు కనిపెడుతున్నారని చదివాను. ఎప్పుడొస్తుంది? అందాకా ఆన్‌లైన్‌లో తెప్పించిన దూలగొండి పొడి ఇవ్వవచ్చా?

జవాబు: మీరు రాసినదాంట్లో నాకు అనుమానమంతా ఆ మాత్రల మీదే. గ్యాస్‌కని అమ్మేవాటిలో కొన్నింటిలో పాంటాప్రజోల్‌కి లెవోసల్పిరైడ్ కలిపి ఉంటుంది. తల తిరుగుడుకి ఇచ్చేది సిన్నరిజైన్ కావచ్చు, ప్రోక్లోర్‌పెరజైన్ కావచ్చు. లెవోసల్పిరైడ్‌తో సహా ఇవన్నీ మెదడులో డోపమైన్ పనికి, అంటే కదలికలను సాఫీగా నడిపే రసాయనం పనికి, అడ్డుపడతాయి. పార్కిన్సన్స్‌లో తగ్గిపోయేదీ ఆ డోపమైనే. అందుకే పెద్ద వయసువాళ్లు నెలల తరబడి మింగితే అచ్చం ఆ జబ్బులాగే వణుకు, బిగుతు, చిన్న చిన్న అడుగులు రావచ్చు. పార్కిన్సన్స్ సాధారణంగా ఒక పక్కన మొదలవుతుంది. మీ నాన్నగారికి రెండు చేతులూ అంటున్నారు, అదొక చిన్న ఆధారం. చూడకుండా తేల్చి చెప్పలేను. మందుల వల్లే అయితే, అవి మానేశాక చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుంది.

ఏడాదిన్నర పాటు అడిగి కొనుక్కోవడం ఏమిటండీ? అన్నాళ్లూ గ్యాస్ తగ్గలేదంటే, ఎండోస్కోపీ అవసరమేమో ఎవరో ఒకరు చూడాలి కదా! షాపుల్లో నాలుగేసి మాత్రలు కత్తిరించి ఇస్తారు, పేరున్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. మా ఓపీకి వచ్చేవాళ్లు 'తెల్ల మాత్ర, గుండ్రంగా ఉంటుంది' అంటారు. తెల్లగా గుండ్రంగా ఉండేవి వేలున్నాయి. పూర్తి స్ట్రిప్ అడిగి, వెనకున్న పేర్లు ఫోన్లో ఫొటో తీసుకోండి.

ఇక ఈగలు. కోసిన పనసపండు మీద ముసిరే చిన్న ఈగలే అవి. మామిడికాయను కుళ్లబెట్టే పండు ఈగ వేరు. మనిషి జబ్బులతో సంబంధమున్న జన్యువుల్లో దాదాపు 75 శాతానికి పోలికున్నవి వీటిలో ఉన్నాయి. గుడ్డు పది రోజుల్లో ఈగవుతుంది, రెండు మూడు నెలల్లో ముసలిదై పోతుంది. కాబట్టి వయసుతో వచ్చే జబ్బును త్వరగా చూడొచ్చు. 2000లో అమెరికాలో ఆల్ఫా సిన్యూక్లీన్ అనే మనిషి ప్రోటీన్‌ను, అంటే పార్కిన్సన్స్‌లో మెదడు కణాల్లో పేరుకుపోయేదాన్ని, ఈగల్లో తయారయ్యేలా చేశారు. గాజు గొట్టాన్ని తడితే మామూలు ఈగలు పైకి పాకుతాయి, ఇవి వయసు పెరిగేకొద్దీ ఎక్కలేకపోయాయి. డోపమైన్ కణాలూ తగ్గాయి. పార్కిన్సన్స్‌తో సంబంధమున్న పింక్1, పార్కిన్ అనే రెండు జన్యువులు కలిసి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను కాపాడతాయని 2006లో తెలిసిందీ ఈగల్లోనే. మంచి పరిశోధనే. కానీ ఈగలో పనిచేసిన మందు మనిషి దాకా రావడానికి ఏళ్లు పడుతుంది, చాలావి దారిలోనే ఆగిపోతాయి. పార్కిన్సన్స్ ముదరకుండా ఆపే మందు ఈ రోజుకి లేదు. లక్షణాలు తగ్గించేవి మాత్రం ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి.

మీరు అడగలేదు గానీ, మొక్కజొన్నలో కలుపుకి పారాక్వాట్ కొట్టేవారా? ఆ గడ్డి మందు తినిపిస్తే ఈగల కదలికలూ దెబ్బతింటాయి. మనుషుల్లోనూ పార్కిన్సన్స్‌తో సంబంధం ఉందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. మీ నాన్నగారికి దానివల్లే వచ్చిందని అనను, డాక్టరుకు మాత్రం చెప్పండి. ఇకమీదట పిచికారీ ఆయన చేత చేయించకండి.

దూలగొండి పొడి ఇప్పుడు వద్దు. దాంట్లో నిజంగానే లెవోడోపా, అంటే పార్కిన్సన్స్‌కి డాక్టర్లు ఇచ్చే మందే ఉంటుంది, అందుకే భయం. చెంచాకి ఎంత వెళ్తుందో తెలియదు. బీపీ పడిపోవచ్చు, వాంతులు, భ్రమలు రావచ్చు. పైగా పరీక్ష చేసే డాక్టరుకు అసలు లక్షణాలు కనిపించకపోవచ్చు.

ఈ వారంలోనే శ్రీకాకుళం రిమ్స్‌లో గానీ విజయనగరంలో గానీ ఫిజీషియన్‌కి చూపించండి, అవసరమైతే వాళ్లే విశాఖ కేజీహెచ్ న్యూరాలజీకి పంపుతారు. గ్యాస్, తల తిరుగుడు మాత్రలు ఆపొచ్చా అని ఆ రోజే అడగండి. నిద్రకో, మనసుకో సంబంధించిన మందులు కూడా వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. ఈలోగా పడిపోయినా, మింగడం కష్టమైనా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.