పాత పెట్రోల్ బంకు స్థలంలో కాఫీ షాపు: అడ్వాన్సు ఇచ్చే ముందే మట్టి పరీక్ష

ప్రశ్న: మాది విజయవాడ. ఆటోనగర్ దగ్గర రోడ్డు పక్కన 600 గజాల ఖాళీ స్థలం 9 ఏళ్ల లీజుకి దొరికింది. కారు దిగకుండానే కిటికీ దగ్గర కాఫీ తీసుకుని వెళ్లిపోయే డ్రైవ్ త్రూ షాపు పెడదామని నేనూ మా బావమరిదీ అనుకుంటున్నాం. ఒకప్పుడు అక్కడ పెట్రోల్ బంకు ఉండేది. ట్యాంకులు తీసేశాం, స్థలం శుభ్రంగా ఉందని యజమాని అంటున్నారు. పక్కింటివాళ్లేమో తమ బోరు నీళ్లు ఇప్పటికీ పెట్రోలు వాసన కొడుతున్నాయంటున్నారు. కార్పొరేషన్ ప్లాన్ ఇస్తే సరిపోతుందా? రేపు ఏదైనా తేలితే బాధ్యత ఎవరిది? చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బోరు సంగతి మీ చెవిన పడింది కాబట్టి అక్కడే మొదలుపెడతాను. యజమానికి తెలిసి మీకు తెలియని లోపం, మామూలు జాగ్రత్తతో మీరు కనిపెట్టలేనిది ఏదైనా స్థలంలో ఉండి, అది మీ వ్యాపారానికి అడ్డమయ్యేదైతే, ఆయన దాన్ని మీకు చెప్పి తీరాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెప్పేది ఇదే. కానీ మీకు ఆ రక్షణ చాలావరకు పోయినట్టే. బంకు ఉండేదని తెలుసు, వాసన గురించీ విన్నారు. రేపు కోర్టులో 'నాకు తెలియదు' అనడానికి లేదు. ఇక మిమ్మల్ని కాపాడేది కాగితం మీద రాసుకున్న మాటే.

కార్పొరేషన్ ప్లాన్ తప్పకుండా కావాలి. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనల కింద వాణిజ్య భవనంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. అయితే వాళ్లు చూసేది సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ), పార్కింగ్, రోడ్డు వెడల్పు. ప్లాన్ పాసైందంటే మట్టి బాగుందని అర్థం కాదు.

మట్టి సంగతి వేరే చట్టం చూస్తుంది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. స్థలం మీద అనుమానం ఉందని స్థానిక సంస్థో జిల్లా యంత్రాంగమో తెలియజేస్తే, కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా పరిశీలించాలి. కాలుష్యం నిజమని తేలితే శుభ్రం చేసే ఖర్చు కాలుష్యం చేసినవాళ్లదే. రాజస్థాన్‌లోని బిచ్రీ గ్రామం కేసులో 1996లోనే సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని గట్టిగా చెప్పింది. అక్కడ ఫ్యాక్టరీలు మూతపడ్డాక కూడా బావుల్లో విషం పోలేదు.

మీరు కాలుష్యం చేయలేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. పునాది కోసం తవ్విన నూనె మట్టిని లారీకెత్తి ఊరి బయట పోయిస్తే, 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద ఆ నష్టానికి మీరే జవాబుదారీ అవుతారు. మండలి అనుమతి ఉన్న చోటికే ఆ మట్టి వెళ్లాలి.

ఇంకుడు గుంత గురించి కూడా ఆలోచించండి. భవన అనుమతిలో వాన నీటి గుంత అడుగుతారు. మామూలు స్థలంలో అది మేలు చేస్తుంది. పెట్రోలు ఇంకిన మట్టిలో అయితే మురికిని నేరుగా భూగర్భ జలంలోకి దింపుతుంది. మట్టి రిపోర్టు జతచేసి, గుంత ఎక్కడ తవ్వాలో మండలినీ కార్పొరేషన్‌నూ రాతపూర్వకంగా అడగండి. నిజానికి డ్రైవ్ త్రూ ఇలాంటి స్థలానికి పనికొచ్చే ఆలోచనే. చాలా భాగం కాంక్రీటు పరుస్తారు, కట్టడం చిన్నది. నా భయమంతా కిటికీ వెనక పనిచేసే సిబ్బంది గురించి. మూసిన ఏసీ గదిలోకి కింద నుంచి బెంజీన్ (పెట్రోలులో ఉండే విష రసాయనం) ఆవిరి వస్తే రోజంతా పీల్చేది వాళ్లే. కప్పులు కడగడానికి కూడా అక్కడ బోరు వేయకండి, కార్పొరేషన్ నీటి కనెక్షనే తీసుకోండి.

కాబట్టి ముందు యజమానిని బంకు మూసినప్పటి కాగితాలు అడగండి: లైసెన్సు రద్దు చేయించుకున్న పత్రం, ట్యాంకుల్లో గ్యాస్ లేదని ఇచ్చిన సర్టిఫికెట్. తర్వాత ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌తో ట్యాంకులున్న చోట మట్టినీ, కింద నీటినీ పరీక్ష చేయించండి. ఆ రిపోర్టును లీజుకి జతచేసి, పాత కాలుష్యం ఖర్చు పూర్తిగా యజమానిదేనని, అనుమతులు రాకపోతే లీజు రద్దయి అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని, శుభ్రం చేసే రోజులకి అద్దె ఉండదని రాయించండి. 9 ఏళ్ల లీజు రిజిస్టర్ కావాల్సిందే. రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి 11 నెలల కాగితంతో సరిపెడదామంటే ఒప్పుకోకండి.

స్థలం జాతీయ రహదారిని ఆనుకుని ఉంటే కార్లు లోపలికి, బయటికి వెళ్లే దారికి 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం కింద హైవే అధికారుల అనుమతి విడిగా కావాలి. వరుస రోడ్డెక్కకుండా లోపలే కార్లు నిలిచేలా ప్లాన్ గీయించండి. ఫుడ్ లైసెన్సు, ట్రేడ్ లైసెన్సు ఎవరికైనా తప్పనివే.

చివరిగా, మీరు లీజు తీసుకున్నా తీసుకోకపోయినా ఆ పక్కింటివాళ్లకి ఒక మాట చెప్పండి. ఆ నీళ్లు తాగడం, వంటకి వాడడం వెంటనే ఆపి, కలెక్టరుకీ మండలికీ ఫిర్యాదు రాయమనండి. నష్టపరిహారం కావాలంటే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌కి వెళ్లొచ్చు. కాకపోతే పరిహారం అడగడానికి కారణం మొదట ఏర్పడిన రోజు నుంచి 5 ఏళ్లే గడువు, కాబట్టి వాసన ఎప్పుడు మొదలైందో వాళ్లు ఇప్పుడే గుర్తు చేసుకుని రాసిపెట్టుకోవాలి.