ఆ బొమ్మకి ముఖం ఎందుకు లేదంటే

మీరు అడిగింది: మ్యూజియం సైట్‌లో 1950ల నాటి ఫ్యాషన్ డ్రాయింగ్ చూశాను, ముఖం గీయలేదు, కాళ్ళు మరీ పొడుగు, మూలన ఓ గుడ్డ ముక్క గుచ్చి ఉంది, ఇందులో అంత దాచుకోవాల్సింది ఏముంది అని.

ఫ్యాషన్ డిజైన్ కోర్సులో చేరిన కొత్తలో నాదీ ఇదే అనుమానం. కళ్ళు, కనుబొమలు, జడ అన్నీ తీరిగ్గా దిద్ది ఓ గౌను బొమ్మ ఇచ్చాను. మా మేడమ్ అటూ ఇటూ తిప్పి చూసి, "జిప్ ఎక్కడమ్మా? ఈ పిల్ల ఇందులోకి ఎలా దూరింది?" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు.

మీరు చూసింది అందం కోసం వేసిన బొమ్మ కాకపోవచ్చు. గుడ్డ ముక్క గుచ్చి ఉందంటే చాలావరకు అది కుట్టేవాళ్ళ కోసం గీసింది. ముఖంతో వాళ్ళకి పనేముంది? భుజం కుట్టు ఎక్కడ పడుతుంది, డాట్లు (ఒంటికి అతికేలా గుడ్డ మడిచి వేసే కుట్లు) ఎన్ని, కుచ్చిళ్ళు ఎటు తిరుగుతాయి, అదీ కావలసింది. కాళ్ళ సంగతంటారా, మామూలు మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు (తల పొడవే ఇక్కడ కొలత), ఫ్యాషన్ బొమ్మని తొమ్మిది తలలకి సాగదీస్తారు. బట్ట జారే తీరు బాగా కనబడాలని.

2019లో లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఫ్రెంచ్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళాను. నాకు ఈ విషయం అక్కడే బాగా తలకెక్కింది. డియోర్ కత్తెర పట్టి నేర్చుకున్న మనిషి కాదు. 1930లలో పారిస్ ఫ్యాషన్ హౌస్‌లకి స్కెచ్‌లు అమ్ముకుంటూ ఈ రంగంలోకి వచ్చాడు. సొంత హౌస్ పెట్టాక కూడా ఆయన గీసి ఇస్తే, వర్క్‌రూమ్‌లు చూసుకునే మార్గరిట్ కారే ఆ నాలుగు గీతల్ని తెల్ల నూలు గుడ్డలో నమూనాగా నిలబెట్టించేది. ఆ నమూనాని త్వాల్ అంటారు. ఎగ్జిబిషన్‌లో ఓ గది నిండా ఈ తెల్ల త్వాల్‌లే. పట్టు గౌన్ల దగ్గర జనం మూగి ఉంటే నేను ఇక్కడే అరగంట నిలబడిపోయాను. మా అమ్మ ఖరీదైన పట్టు జాకెట్టు ముక్క మీద కత్తెర పెట్టే ముందు పాత చీర లైనింగ్‌తో ఒకటి కుట్టి చూసుకునేది, అదే గుర్తొచ్చింది.

ఇంకో రకం కూడా ఉంది, రెండూ కలిపేసుకోకండి. బట్ట కుట్టడం అయిపోయాక పత్రికకో ప్రకటనకో వేసేవి. డియోర్‌కి ప్రకటనల బొమ్మలు వేసిన చిత్రకారుడు రెనే గ్రువోవి అలాంటివి. లావుపాటి నల్ల గీత, ఓ ఎర్ర మచ్చ, మూలన చుక్కతో పాటు జి అక్షరం. 1947 ఫిబ్రవరి 12న డియోర్ మొదటి కలెక్షన్ చూపించినప్పుడు సన్నటి నడుము, వెడల్పాటి స్కర్టు చూసి అందరూ నోరెళ్ళబెట్టారు. బ్రిటన్‌లో అప్పటికి బట్టల రేషన్ ఇంకా ఉంది, 1949లో గానీ పోలేదు. అంత గుడ్డ కొనలేని వాళ్ళకి ఆ మోజు ఇలాంటి బొమ్మల ద్వారా కూడా అందింది. కానీ గ్రువో గీత చూసి మీరు జాకెట్టు కుట్టలేరు. నన్నడిగితే గోడకి గ్రువో, చేతికి మాత్రం ఆ గుడ్డ ముక్క గుచ్చిన కాగితం.

ఇలాంటి అసలు బొమ్మల్ని దగ్గర్నుంచి చూడాలంటే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ప్రింట్స్ అండ్ డ్రాయింగ్స్ స్టడీ రూమ్ ఉంది, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. పెన్ను బ్యాగులో పెట్టేసి పెన్సిల్ పట్టుకెళ్ళండి. కాగితం, రంగులు వెలుతురుకి పాడవుతాయి కాబట్టి ఇలాంటివి గ్యాలరీలో ఎక్కువ కాలం ఉంచరు, ఉంచినా 50 లక్స్ (వెలుతురు కొలత) దాటని మసక వెలుగులోనే.

అంతదూరం వెళ్ళలేకపోతే మీరు చూసిన పేజీలోనే వెనకవైపు ఫోటో కూడా పెట్టారేమో వెతకండి. మోడల్ నెంబరో, గుడ్డ పేరో, వేసుకోబోయే అమ్మాయి పేరో పెన్సిల్‌తో గిలికి ఉంటే అది కుట్టేవాళ్ళ చేతుల్లో తిరిగిన కాగితమే. దొరికితే ఇక్కడ పెట్టండి, జిప్ ఎక్కడుందో కలిసి వెతుకుదాం.